90 రోజులుగా లాగిన్ కాని అకౌంట్లు: యాక్టివ్ డైరెక్టరీలో ఏ తేదీని నమ్మాలి, దేన్ని ఎప్పుడు తీసేయాలి

మీరు అడిగింది ఇదీ: యాక్టివ్ డైరెక్టరీ (కంపెనీ యూజర్లు, కంప్యూటర్ల వివరాలు ఉంచే విండోస్ డైరెక్టరీ) నడిపే మూడు డొమైన్ కంట్రోలర్లు (డీసీలు, అంటే లాగిన్‌లను సరిచూసే సర్వర్లు), సుమారు 1,800 యూజర్ అకౌంట్లు. 90 రోజులుగా వాడకంలో లేని అకౌంట్లు తీసేయమని ఆడిట్‌లో రాశారు. స్క్రిప్టు నడిపితే ఒకే ఉద్యోగికి ఒక డీసీ నిన్నటి తేదీ చూపిస్తోంది, రెండోది ఏడాది కిందటి తేదీ, మూడోది సున్నా. ఏది నమ్మాలి, నమ్మి డిలీట్ చేస్తే ఏమన్నా ఆగిపోతాయా అన్నది మీ సందేహం.

మూడూ నిజమే చెప్తున్నాయి. మీ స్క్రిప్టు చదివింది లాస్ట్‌లాగాన్ అనే ఆట్రిబ్యూట్, అంటే అకౌంట్ వివరాల్లో ఒక గడి. అది ఒక డీసీ నుంచి ఇంకో డీసీకి రెప్లికేట్ (కాపీ) కాదు. ఆ యూజర్‌ను తాను చివరిసారి ఎప్పుడు లోపలికి రానిచ్చిందో ప్రతి డీసీ తన దగ్గరే రాసిపెట్టుకుంటుంది, పక్క డీసీలో ఏం జరిగిందో దానికి పట్టదు. సున్నా అంటే ఈ మనిషి నా గడప తొక్కలేదని మాత్రమే, అసలు ఎక్కడా లాగిన్ కాలేదని కాదు. కాబట్టి లాస్ట్‌లాగాన్ వాడదలిస్తే అన్ని డీసీలనూ అడిగి, వచ్చినవాటిలో అన్నిటికన్నా తాజా తేదీ తీసుకోవాలి. అడిగే సమయానికి ఒక్క డీసీ డౌన్‌లో ఉన్నా లెక్క తప్పుతుంది. నిరుడు రిటైర్ చేసిన డీసీ ఏదైనా ఉంటే, దాని లెక్కలు దానితోనే పోయాయి.

రెండోది లాస్ట్‌లాగాన్‌టైమ్‌స్టాంప్. విండోస్ సర్వర్ 2003 ఫంక్షనల్ లెవల్‌తో (డొమైన్‌లో ఏ తరం సదుపాయాలు పనిచేస్తాయో చెప్పే స్థాయి) వచ్చింది. ఇది రెప్లికేట్ అవుతుంది కనుక ఏ డీసీని అడిగినా ఒకటే జవాబు. కానీ లాగిన్ అయిన ప్రతిసారీ మారదు. రోజూ పొద్దున అందరి తేదీలూ రాసుకుంటూ పోతే రెప్లికేషన్ ట్రాఫిక్ తట్టుకోలేమని, ఉన్న తేదీ బాగా పాతబడితేనే కొత్తది రాసేలా కట్టారు. ఎంత పాతబడాలంటే 14 రోజులు, అందులోంచి 0 నుంచి 5 రోజుల దాకా ఏదో ఒక మొత్తం తీసేసి. అంటే 9 నుంచి 14 రోజుల మధ్య. ఆ తీసివేత లేకపోతే అందరి తేదీలూ ఒకే రోజు మీద పడతాయి.

దీని ఫలితం ఒక లెక్క వేస్తే తెలుస్తుంది. ఒకరి టైమ్‌స్టాంప్ జూన్ 2న పడింది. ఆ మనిషి జూన్ 10 దాకా రోజూ వచ్చి, ఆ తర్వాత మానేశారు. 8 రోజులే అయ్యాయి కాబట్టి తేదీ మారలేదు, జూన్ 2గానే ఉండిపోయింది. ఆగస్టు 31న మీరు రిపోర్టు తీస్తే 90 రోజులు అని వస్తుంది. నిజానికి 82. ఇక్కడ గమనించాల్సింది, ఈ తప్పు ఎప్పుడూ ఒకే వైపు జరుగుతుంది. టైమ్‌స్టాంప్ అసలు లాగిన్ కన్నా వెనకబడుతుంది గానీ ముందుకు పోదు. (ఒక మినహాయింపు ఉంది, కింద చెప్తాను.) అందుకని టైమ్‌స్టాంప్ 90 రోజులు దాటినవన్నీ జాబితాలో వేసుకుంటే నిజంగా పడి ఉన్నది ఏదీ తప్పిపోదు. 104 రోజులు దాటినవి ఖాయం. 90కీ 104కీ మధ్య ఉన్నవే అనుమానాస్పదం. వాటికి మాత్రం మూడు డీసీల్లోనూ లాస్ట్‌లాగాన్ చూసుకోండి. 1,800 మందికి మూడు డీసీలనూ అడగక్కర్లేదు, ఆ మధ్యలో పడ్డ ఇరవై ముప్పై మందికి అడిగితే చాలు.

ఆ 14ను తగ్గించే వీలుంది. డొమైన్ ఆబ్జెక్టు మీద ఎంఎస్-డీఎస్-లాగాన్-టైమ్-సింక్-ఇంటర్వల్ అనే ఆట్రిబ్యూట్ ఉంటుంది. దాని జోలికి పోవద్దనే చెప్తాను. 90 రోజుల పాలసీకి రెండు వారాల తేడా సర్దుకోవచ్చు. పొరపాటున సున్నా పెడితే టైమ్‌స్టాంప్ రాయడమే ఆగిపోతుంది, ఆ సంగతి మూడు నెలల తర్వాత రిపోర్టులో సగం కంపెనీ కనబడ్డప్పుడు గానీ బయటపడదు.

పవర్‌షెల్‌లో (విండోస్ కమాండ్ల సాధనం) కనిపించే లాస్ట్‌లాగాన్‌డేట్ మూడో రకం తేదీ కాదు. లాస్ట్‌లాగాన్‌టైమ్‌స్టాంప్‌నే మనుషులు చదివే తేదీగా మార్చి ఆ పేరుతో చూపిస్తుంది. డైరెక్టరీలో అసలు విలువ 18 అంకెల సంఖ్య: 1601 జనవరి 1 నుంచి, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం, 100 నానోసెకన్ల చొప్పున లెక్క. ఉదాహరణకు 133500000000000000 అంటే యూటీసీలో 2024 జనవరి 17 రాత్రి 9:20. మన టైమ్‌లో జనవరి 18 తెల్లవారుజాము 2:50. తేదీయే మారిపోయింది. నైట్ షిఫ్టులు నడిచే ఆఫీసుల్లో "ఆ రోజు లాగిన్ అయ్యారా లేదా" అన్న తగాదాలు చాలావరకు ఈ అయిదున్నర గంటల దగ్గరే మొదలవుతాయి. స్క్రిప్టులో ఫైల్‌టైమ్ (ఈ 18 అంకెల సంఖ్య) మార్పిడి రెండు రకాలు, ఒకటి లోకల్ టైమ్ ఇస్తుంది, ఒకటి యూటీసీ. ఏది వాడారో రిపోర్టు కాలమ్ పేరులోనే రాసేయండి.

జాబితా తీసేటప్పుడు అందరూ పడే గొయ్యి ఒకటుంది. "లాస్ట్‌లాగాన్‌డేట్ ఫలానా తేదీ కన్నా తక్కువ" అని గెట్-ఏడీయూజర్ కమాండ్‌కు ఫిల్టర్ ఇస్తే, ఒక్కసారి కూడా లాగిన్ కాని అకౌంట్లు అందులో రావు. వాటికి ఆ ఆట్రిబ్యూటే ఉండదు, లేనిదాన్ని పోల్చడం కుదరదు. భద్రత దృష్ట్యా చూస్తే అన్నిటికన్నా చెడ్డవి అవే. చేరతామని చేరని వాళ్ల కోసం, ప్రాజెక్టు మొదలుకాక ముందే తీసిపెట్టిన కాంట్రాక్టర్ల కోసం తెరిచినవి. ఐటీ టీమ్ అందరికీ ఇచ్చే ఆ ఒకే మొదటి పాస్‌వర్డ్ ఇంకా అలాగే ఉంటుంది, అది సగం ఆఫీసుకు తెలుసు. అందుకని రెండో ప్రశ్న విడిగా వేయండి: టైమ్‌స్టాంప్ అసలు లేనివి, ఎనేబుల్ అయి ఉన్నవి, వెన్‌క్రియేటెడ్ (అకౌంట్ తెరిచిన) తేదీ 30 రోజులు దాటినవి. వీటికి 90 రోజులు ఆగాల్సిన పని లేదు.

సెర్చ్-ఏడీఅకౌంట్ కమాండ్ వాడితే టైమ్‌స్పాన్‌ను (కాలవ్యవధిని) 90.00:00:00 అని పూర్తిగా రాయండి, అర్థంలో తికమక ఉండదు. పాత డీఎస్‌క్వెరీ కమాండ్ వాడేవాళ్లకు రెండు మాటలు: దాంట్లో ఇన్‌యాక్టివ్ పక్కన ఇచ్చే అంకె వారాల్లో, రోజుల్లో కాదు. లిమిట్ 0 అని ఇవ్వకపోతే మొదటి 100 ఫలితాలే చూపి ఆగుతుంది. సరిగ్గా వంద వచ్చాయంటే అనుమానించాల్సిందే.

ఇక తేదీ సరైనదే అయినా మనల్ని దారి తప్పించే సందర్భాలు.

పైన చెప్పిన మినహాయింపు ముందు. కెర్బెరోస్‌లో (డొమైన్‌లో టికెట్లతో లాగిన్ నడిపే విధానం) ఎస్4యూ2సెల్ఫ్ అనే పద్ధతి ఉంది, ఒక సర్వీసు యూజర్ ప్రమేయం లేకుండానే ఆ యూజర్ పేరు మీద తనకోసం టికెట్ తీసుకోవచ్చు. ఫోల్డర్ సెక్యూరిటీలో ఎఫెక్టివ్ యాక్సెస్ ట్యాబ్ తెరిచి ఒకరి పేరు కొట్టినా ఇలాంటిది జరగవచ్చు. దాంతో టైమ్‌స్టాంప్ మారిపోతుంది. మనిషి వెళ్లిపోయి ఆరు నెలలైనా తేదీ పోయినవారానిది కనిపిస్తే హ్యాకింగ్ అని కంగారుపడే ముందు ఇది చూసుకోండి.

దీనికి తలకిందులుగా, రోజూ పనిచేస్తున్న మనిషి చచ్చిన అకౌంట్‌లా కనిపించడం ఇప్పుడు మరీ ఎక్కువ. ఎంట్రా ఐడీకి (మైక్రోసాఫ్ట్ క్లౌడ్ డైరెక్టరీ) పాస్‌వర్డ్ హ్యాష్ సింక్ (పాస్‌వర్డ్ గుర్తును క్లౌడ్‌కు పంపడం) పెట్టుకున్న చోట, అవుట్‌లుక్, టీమ్స్ లాగిన్‌లన్నీ క్లౌడ్‌లోనే తేలిపోతాయి, మీ డీసీ దాకా రావు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు, క్లయింట్ ఇచ్చిన ల్యాప్‌టాప్ మీద ఆన్‌సైట్‌లో ఏడాదిగా ఉన్నవాళ్లు మీ జాబితాలో వరసగా కనిపిస్తారు. కంపెనీ ల్యాప్‌టాప్ ఉన్నా అది క్యాష్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌తోనే తెరుచుకుంటుంది. పాస్-త్రూ అథెంటికేషన్ ఉంటే ఈ బాధ లేదు, అది డీసీనే అడుగుతుంది. క్లౌడ్ వైపు తేదీ కోసం సైన్-ఇన్-యాక్టివిటీ అనే ఆట్రిబ్యూట్ చూడాలి, దానికి ఎంట్రా పీ1 లైసెన్సు కావాలి. సైన్-ఇన్ లాగ్‌లు పీ1లో 30 రోజులే ఉంటాయి, ఉచిత స్థాయిలో 7 రోజులు. కాబట్టి 90 రోజుల ప్రశ్నకు ఆ లాగ్‌లలో జవాబు దొరకదు, ఆ ఆట్రిబ్యూట్‌లోనే దొరుకుతుంది. రెండు వైపుల తేదీల్లో ఏది తాజాదో దాన్నే చివరి లాగిన్‌గా పెట్టుకోండి.

సెలవులు మరోటి. మన దేశంలో ప్రసూతి సెలవు 26 వారాలు, అంటే 182 రోజులు. 90 రోజుల గీత గీసి స్క్రిప్టును వదిలేస్తే, సెలవులో ఉన్న ప్రతి తల్లి అకౌంటూ మూసుకుపోతుంది. మూయడం తప్పని కాదు, సెలవులో ఉన్నప్పుడు డిసేబుల్‌లో ఉండటమే మంచిది. డిలీట్ వరుసలోకి పోకూడదు. హెచ్ఆర్ దగ్గర నుంచి వారం వారం ఉద్యోగి నంబరు, స్థితి ఉన్న ఫైలు తెప్పించి ఎంప్లాయీ-ఐడీ ఆట్రిబ్యూట్‌తో జత చేయండి. పేరుతో జత చేయొద్దు. మన ఊళ్లలో ఒకే ఆఫీసులో నలుగురు శ్రీనివాసరావులు మామూలే, ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట చివర.

అసలు దెబ్బ తగిలేది సర్వీస్ అకౌంట్ల (ప్రోగ్రాములు వాడుకునే అకౌంట్ల) దగ్గర. ఇవి మనుషులవి కావు కాబట్టి హెచ్ఆర్ ఫైల్లో ఉండవు, అడిగితే "మాది కాదు" అనే అంటారు. ఎస్పీఎన్ (కెర్బెరోస్‌లో సర్వీసుకు ఉండే పేరు) ఉన్న యూజర్ అకౌంట్లను ముందు విడిగా తీయండి. తర్వాత పాస్‌వర్డ్ గడువు లేనివి, అంటే యూజర్‌అకౌంట్‌కంట్రోల్ ఆట్రిబ్యూట్‌లో 65536 బిట్ ఉన్నవి. నెట్‌వర్క్ మీద ఏదీ అడగని సర్వీసు నెలల తరబడి రీస్టార్ట్ లేకుండా నడిస్తే కొత్త లాగిన్ నమోదు కాదు. ఏడాదికొకసారి, మార్చి 31 లెక్కల ముగింపుకు నడిచే షెడ్యూల్డ్ టాస్క్ అకౌంట్ మిగతా పదకొండు నెలలు పడి ఉన్నట్టే కనిపిస్తుంది. జెరాక్స్ మెషిన్లలో స్కాన్ చేసి ఫోల్డర్‌కు పంపే అకౌంటు కూడా ఈ కోవలోదే: మారుమూల బ్రాంచిలో ఆ మెషిన్ మూడు నెలలు ఎవరూ వాడకపోవచ్చు.

తేదీ ఎంత పాతదైనా ముట్టుకోకూడనివి కొన్ని ఉన్నాయి. కేఆర్‌బీటీజీటీ (కెర్బెరోస్ టికెట్ల తాళంచెవి ఉండే అకౌంటు) ఎప్పుడూ డిసేబుల్‌లోనే ఉంటుంది, అది అలాగే ఉండాలి. ఎక్స్చేంజ్ మెయిల్ సర్వర్ ఉంటే హెల్త్‌మెయిల్‌బాక్స్, సిస్టమ్‌మెయిల్‌బాక్స్ పేర్లతో మొదలయ్యేవి, మీటింగ్ రూముల, షేర్డ్ మెయిల్‌బాక్సుల అకౌంట్లు. ఎంట్రా కనెక్ట్ (క్లౌడ్‌కు సింక్ చేసే సాధనం) పెట్టిన ఎంఎస్ఓఎల్ అకౌంటు. కంప్యూటర్ అకౌంట్లలో అజ్యూర్ఏడీఎస్ఎస్ఓఏసీసీ అని ఒకటి కనిపిస్తుంది. అది నిజం కంప్యూటర్ కాదు, సీమ్‌లెస్ సైన్-ఆన్ (క్లౌడ్‌లో మళ్లీ పాస్‌వర్డ్ అడగకుండా రానిచ్చేది) దాని తాళంచెవి మీదే నడుస్తుంది. దాని పాస్‌వర్డ్ తనంతట తాను మారదు, అందుకే ప్రతి స్క్రిప్టుకూ అది పాత పీసీలా కనిపిస్తుంది. ఆ పేరు తెలియక తీసేసినవాళ్లు తక్కువేం కాదు.

మామూలు కంప్యూటర్లకు పనికొచ్చే గుర్తు పీడబ్ల్యూడీ-లాస్ట్-సెట్, అంటే పాస్‌వర్డ్ చివరిసారి మారిన తేదీ. డొమైన్‌లోని విండోస్ యంత్రం తన పాస్‌వర్డ్‌ను డిఫాల్ట్‌గా 30 రోజులకొకసారి తానే మార్చుకుంటుంది. అది, టైమ్‌స్టాంప్ రెండూ 90 దాటితే దాదాపు ఖాయం. క్లస్టర్ల (ఒకటిగా పనిచేసే సర్వర్ల గుంపుల) పేరు మీద ఉండే అకౌంట్లను మాత్రం పక్కన పెట్టండి.

ఇప్పుడు చర్య. ముందు డిసేబుల్, తర్వాత గమనించడం, ఆఖరున డిలీట్. ఆడిటర్ "తీసేయండి" అని రాసినా, కార్డు చెల్లింపుల ప్రమాణం పీసీఐ డీఎస్ఎస్ 4.0.1లో 8.2.6 నిబంధన అడిగేది 90 రోజుల్లోపు తొలగించడం లేదా డిసేబుల్ చేయడం. సీఐఎస్ కంట్రోల్స్ ఎనిమిదో వెర్షన్ 45 రోజులు అంటుంది, అక్కడా డిలీట్ లేదా డిసేబుల్ అనే ఉంది. మీ ఆడిట్ దేని ఆధారంగా జరిగిందో అడిగి తెలుసుకోండి.

డిసేబుల్ చేసే ముందు ఆ యూజర్ గ్రూపుల జాబితా ఫైలుగా దాచండి. డొమైన్ అడ్మిన్స్ లాంటి పెద్ద గ్రూపుల నుంచి వెంటనే తీసేయండి, మిగతా గ్రూపులు అలాగే ఉంచండి. అన్నీ ఊడబీకితే, మనిషి తిరిగొచ్చినప్పుడు ఒక్క క్లిక్కుతో అయ్యే పని రెండు రోజులు పడుతుంది. డిస్క్రిప్షన్‌లో డిసేబుల్ చేసిన తేదీ, టికెట్ నంబరు రాయండి. "ఎప్పుడు డిసేబుల్ అయింది" అని చెప్పే ఆట్రిబ్యూట్ యాక్టివ్ డైరెక్టరీలో లేదు. వెన్‌చేంజ్డ్‌ను నమ్మొద్దు, ఫోన్ నంబరు మార్చినా అది మారుతుంది, పైగా డీసీకొక విలువ. రాయడం మర్చిపోయినవాటికి రెప్‌అడ్మిన్ కమాండ్‌లో షోఆబ్జ్‌మెటా నడిపి, యూజర్‌అకౌంట్‌కంట్రోల్ చివరిసారి మారిన సమయం చూడవచ్చు.

డిసేబుల్ చేసినవాటిని వేరే ఓయూలోకి (డైరెక్టరీలో ఫోల్డర్ లాంటిది) జరపడం అందరికీ అలవాటు. మంచి అలవాటే, కానీ ఆ ఓయూ ఎంట్రా సింక్ పరిధిలో ఉందా అని ముందు చూడండి. లేకపోతే సింక్ ఇంజన్ దాన్ని డిలీట్ అయినట్టు లెక్కగట్టి, క్లౌడ్‌లో యూజర్‌ను తీసేస్తుంది. సింక్ మామూలుగా 30 నిమిషాలకొకసారి నడుస్తుంది, కాబట్టి తప్పు తెలిసేలోపే అయిపోతుంది. 30 రోజుల లోపైతే పాత ఓయూకు తెచ్చి సింక్ నడిపితే తిరిగొస్తుంది. ఒక్క విడతలో 500 దాటి డిలీట్లు పోతే ఆపే అడ్డు డిఫాల్ట్‌గా ఉంది. మీ జాబితా 200 అయితే ఆ అడ్డు మిమ్మల్ని కాపాడదు.

ఉద్యోగం తీసేసిన మనిషి విషయంలో మాత్రం డిసేబుల్ నొక్కగానే పని అయిపోయిందనుకోకండి. సైట్ల (వేర్వేరు చోట్ల ఉన్న ఆఫీసుల) మధ్య రెప్లికేషన్ డిఫాల్ట్ 180 నిమిషాలు. హైదరాబాద్‌లో నొక్కినది విజయవాడ డీసీకి మూడు గంటల దాకా తెలియకపోవచ్చు, రెప్‌అడ్మిన్ సింక్‌ఆల్‌తో నెట్టండి. తెలిశాక కూడా, చేతిలో ఉన్న సర్వీస్ టికెట్లు గడువు తీరేదాకా, అంటే డిఫాల్ట్‌గా 10 గంటల దాకా, చెల్లుతాయి. కొత్త సర్వీస్ టికెట్ అడిగితే, టీజీటీ (లాగిన్‌లో ఇచ్చే మొదటి టికెట్) 20 నిమిషాలు దాటినదైతే డీసీ అకౌంట్ స్థితి మళ్లీ చూసి తిప్పి పంపుతుంది. అప్పటికే తెరిచి ఉన్న షేర్లు, రిమోట్ సెషన్లు మీరే తెంచాలి.

డిసేబుల్ చేశాక 30 రోజులు లాగ్‌లు చూడటమే ఈ పనిలో అసలు విలువైన భాగం. ఇంకా ఎవరు ఆ తలుపు తడుతున్నారో అప్పుడే తెలుస్తుంది. కెర్బెరోస్‌తో వస్తే డీసీ సెక్యూరిటీ లాగ్‌లో 4768 ఈవెంటు, రిజల్ట్ కోడ్ 0ఎక్స్12. ఆ కోడ్ డిసేబుల్, లాకౌట్, గడువు తీరడం మూడింటికీ వస్తుంది. క్లయింట్ అడ్రస్‌లో ఐపీ ఉంటుంది. ఎన్‌టీఎల్ఎంతో (కెర్బెరోస్ కన్నా పాత లాగిన్ విధానం) వస్తే 4776, కోడ్ 0ఎక్స్‌సీ0000072, ఇది డిసేబుల్‌కే ప్రత్యేకం. ఇందులో ఐపీ రాదు, వర్క్‌స్టేషన్ పేరే, అదీ ఒక్కోసారి ఖాళీ. అప్పుడు ఎన్‌ఎల్‌టెస్ట్ కమాండ్‌తో నెట్‌లాగాన్ డీబగ్ లాగ్ ఆన్ చేసి వెతకాలి. ఎల్‌డాప్‌తో (డైరెక్టరీతో మాట్లాడే ప్రొటోకాల్) లాగిన్ అయ్యే అప్లికేషన్లయితే వాటి సొంత లాగ్‌లో ఎర్రర్ 49, పక్కన డేటా 533 అని పడుతుంది. 52ఈ అయితే పాస్‌వర్డ్ తప్పు, 775 అయితే లాకౌట్.

ఇవన్నీ కనిపించాలంటే కెర్బెరోస్ అథెంటికేషన్ సర్వీస్, క్రెడెన్షియల్ వాలిడేషన్ అనే రెండు ఆడిట్ విభాగాల్లోనూ ఫెయిల్యూర్ కూడా ఆన్‌లో ఉండాలి. చాలామంది 4624 (లాగిన్ అయినట్టు చెప్పే ఈవెంటు) కోసం డీసీలో వెతుకుతారు. యూజర్ తన పీసీలో లాగిన్ అయిన 4624 ఆ పీసీలోనే పడుతుంది. డీసీలో కనిపించే 4624 డీసీలోకే వచ్చిన సెషన్లవి, ఎక్కువభాగం పాలసీ ఫైళ్లు చదవడానికి వచ్చినవి. మూడు డీసీల లాగ్‌లనూ ఒకచోటికి చేర్చండి, దానికి విండోస్ ఈవెంట్ ఫార్వర్డింగ్ సరిపోతుంది, విడిగా కొనక్కర్లేదు. డీసీలోనే వదిలేస్తే, సైజు నిండగానే పాతవి చెరిగిపోతాయి, రద్దీ ఉన్న డీసీలో రెండు రోజులు కూడా నిలవవు. సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం మన దేశంలో కంపెనీలు 180 రోజుల లాగ్‌లు ఉంచాలి, కాబట్టి ఆ సర్వర్ డిస్కు లెక్క దాన్నిబట్టే వేసుకోండి.

30 రోజులూ నిశ్శబ్దంగా గడిస్తే డిలీట్‌కు ఒక మెట్టు దగ్గరపడ్డట్టు. ఏడాదికోసారి నడిచే టాస్కులుంటాయని అనుమానం ఉన్న సర్వీస్ అకౌంట్లను ఒక మార్చి 31 దాటనివ్వండి. మనుషుల అకౌంట్లకు డిసేబుల్ తర్వాత ఇంకో 180 రోజులు ఉంచడం నాకు సబబుగా తోస్తుంది. డిసేబుల్ అయిన అకౌంట్ డైరెక్టరీలో పట్టే చోటు లెక్కలోకి రాదు. లైసెన్సు ఖర్చు బాధ అయితే మెయిల్‌బాక్సును షేర్డ్‌గా మార్చండి, 50 జీబీ లోపు లైసెన్సు అడగదు. మార్చాకే లైసెన్సు తీయండి, వరస తప్పితే 30 రోజుల తర్వాత మెయిల్ పోతుంది.

డిలీట్ చేశాక అదే పేరుతో కొత్తగా తెరిస్తే సరిపోతుందనుకోవద్దు. పేరు అదే, ఎస్ఐడీ (విండోస్ అకౌంటును గుర్తుపట్టే సంఖ్య) వేరు. ఫోల్డర్ పర్మిషన్లలో పాత మనిషి స్థానంలో ఎస్-1-5-21 తో మొదలయ్యే పొడుగాటి అంకె మిగులుతుంది, కొత్త అకౌంటుకు ఏదీ తెరుచుకోదు. అందుకే డిలీట్ మొదలుపెట్టే ముందు ఏడీ రీసైకిల్ బిన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఫారెస్ట్ (డొమైన్లన్నీ కలిసిన మొత్తం) ఫంక్షనల్ లెవల్ 2008 ఆర్2 కావాలి, ఒకసారి ఆన్ చేస్తే ఆఫ్ చేయడం కుదరదు, అంతకుముందు డిలీట్ అయినవాటిని అది తెచ్చి ఇవ్వదు. డిలీట్ అయినవి మామూలుగా 180 రోజులు అందులో ఉంటాయి. టూంబ్‌స్టోన్ లైఫ్‌టైమ్ (డిలీట్ అయినవి ఉంచే గడువు) విలువ ఖాళీగా ఉన్న పాత ఫారెస్ట్‌లలో 60 రోజులే. మీది ఏదో చూసి రాసుకోండి. తర్వాత ఒక పరీక్ష అకౌంటును నాలుగు గ్రూపుల్లో పెట్టి, డిలీట్ చేసి, రీస్టోర్-ఏడీఆబ్జెక్ట్‌తో వెనక్కి తెచ్చి, ఆ నాలుగు గ్రూపులూ అలాగే తిరిగొచ్చాయో లేదో సరిచూశాకే అసలు జాబితా ముట్టుకోండి.